ఈ యాపిల్ ఎప్పుడు కోసింది?

ఫోన్ తెర మీద నాలుగు ఎర్రటి పండ్ల బొమ్మ. దాని కింద ‘రాయల్ గాలా’ అనో ‘ఫ్యూజీ’ అనో పేరు. ‘తియ్యగా, కరకరలాడుతూ ఉంటుంది’ అని ఒక వరస. బరువు, ధర, అందులో ఎంత తగ్గించారో ఆ లెక్క, ఎన్ని నిమిషాల్లో గుమ్మం ముందుంటుందో ఆ లెక్క. సరుకులు ఇంటికి తెచ్చిపెట్టే యాప్‌లలో యాపిల్ కొనేవాళ్లకు కనిపించేది దాదాపు ఇంతే. వాళ్లకు కావలసింది మాత్రం ఆ వరసలో ఉన్న కరకర. పన్ను దిగగానే పటుక్కున విరిగి రసం చిమ్మే పండు. ఒక్కోసారి అలాంటిదే వస్తుంది. ఒక్కోసారి అదే పేరుతో, అదే ధరకు, అదే రంగులో పిండిముద్దలాంటిది వస్తుంది. పోయిన వారం బాగున్నాయి, ఈ వారం బాగాలేవు అని ఇంటింటా వినిపించే ఫిర్యాదుకు చాలామంది చెప్పుకునే సమాధానం, ఈసారి మంచి రకం పంపలేదని. రకం మారలేదు. మారింది పండు వయసు, ఆ వయసంతా అది గడిపిన చోటు. నిమిషాలు లెక్కగట్టి చూపించే తెర మీద లేనివి సరిగ్గా ఆ రెండే. పది నిమిషాల్లో వచ్చిన యాపిల్ పది నెలల కిందట కోసినదై ఉండవచ్చు. పాతదైనంత మాత్రాన అది చెడ్డ పండు కాదు. కానీ దాని వయసు తెలియకుండా దాన్ని ‘కరకర’ అని అమ్మడం, నమ్మి కొనడం రెండూ గుడ్డి బేరాలే.

కరకర అనేది రుచి కాదు, ఒక విరుపు. యాపిల్ కండలోని కణాలు నీటితో నిండి బిగిసి ఉంటాయి. గోడలో ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నంలా, కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే పదార్థం అతుకు పెడుతుంది. కాయ తాజాగా ఉన్నప్పుడు ఆ అతుకు ఇటుకకంటే గట్టిది. పన్ను దిగితే అతుకు విడవదు, కణమే పగులుతుంది. లోపలి రసం నోట్లోకి చిమ్ముతుంది, విరిగిన చప్పుడు చెవికి చేరుతుంది. రోజులు గడిచేకొద్దీ పండులోని ఎంజైములు ఆ పెక్టిన్‌ను కరిగిస్తూ వస్తాయి. తొక్క గుండా నీరు ఆవిరై బిగువు సడలుతుంది. అప్పుడు కొరికితే కణాలు పగలవు, ఒకదాని మీంచి ఒకటి జారి విడిపోతాయి. రసం కణంలోనే ఉండిపోయి నాలుకకు పొడిపొడిగా పిండి తగులుతుంది. నీళ్లున్న పండు కూడా ఎండిపోయినట్టు అనిపించే విచిత్రం ఇందువల్లే. తీపి సంగతి వేరు. కోసిన తర్వాత కూడా కాయలోని పిండిపదార్థం చక్కెరగా మారుతూ ఉంటుంది, పులుపు తగ్గుతూ ఉంటుంది. కాబట్టి మెత్తబడిన యాపిల్ తియ్యగానే ఉంటుంది, ఒక్కోసారి గట్టిగా ఉన్నప్పటికంటే ఎక్కువ తియ్యగా. తెర మీద ఒకే ఊపిరిలో రాసేసిన ఆ రెండు గుణాలూ కాలం గడిచేకొద్దీ చెరో దారి పడతాయి.

ఈ మార్పును నడిపించేది ఇథిలీన్ వాయువు. మామిడికాయల్ని గడ్డిలో మాగబెట్టినప్పుడు పనిచేసేదీ అదే. యాపిల్ కూడా కోసిన తర్వాత మాగే జాతిదే, తన ఇథిలీన్ తనే పుట్టించుకుంటుంది. దానికి పగ్గం వేసేది చలి. సున్నా డిగ్రీల దగ్గర ఉంచిన పండుతో పోలిస్తే గది వేడిమిలో ఉంచినది సుమారు పది రెట్లు వేగంగా మెత్తబడుతుందని ఉద్యాన నిపుణులు చెప్పే లెక్క. 1920లలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చలితో పాటు గాలిని కూడా మార్చి చూశారు. ఆక్సిజన్ తగ్గించి కార్బన్ డయాక్సైడ్ పెంచిన గదిలో పండు ఊపిరి మందగించి నెలల తరబడి నిలిచింది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, ఇలా గాలిని అదుపు చేసే నేటి సీఏ (కంట్రోల్డ్ అట్మాస్ఫియర్) గిడ్డంగుల్లో అది 1 నుంచి 3 శాతం. ఆ పైన 1990లలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ సిస్లర్, సిల్వియా బ్లాంకెన్‌షిప్ 1-ఎంసీపీ అనే వాయువుకున్న శక్తిని కనిపెట్టారు. ఇథిలీన్ వచ్చి దూరే తాళం కంతలో ఇది ముందే దూరి కూర్చుంటుంది, దాంతో పండుకు మాగమన్న కబురే అందదు. 2002లో అమెరికా దీన్ని యాపిళ్ల మీద వాడటానికి అనుమతించింది. ఏడాదికి ఒకే కాపు కాసే చెట్టు పండు పన్నెండు నెలలూ అంగట్లో ఉండటం వెనక ఉన్న కథ ఇది.

‘అమ్మో, పది నెలల పండా’ అని గుండెలు బాదుకునేవాళ్లతో నేను ఏకీభవించను. గిడ్డంగి మోసం కాదు, మంచి శాస్త్రం. సరైన రోజున కోసి, అదే రోజు చల్లబరచి, గాలి మార్చిన గదిలో పెట్టిన యాపిల్ ఏడో నెలలో కూడా బిగువుగా ఉండగలదు. మూడు వారాల కిందటే కోసినా అట్టపెట్టెలో ఎండకు, లారీ వేడికి మగ్గిన యాపిల్ దాని ముందు దిగదుడుపే. 2025 ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ దాకా జమ్ము–శ్రీనగర్ రహదారి కొండచరియలు విరిగి మూసుకుపోయినప్పుడు, కోతల వేళ, యాపిల్ లారీలు రోజుల తరబడి దారిలోనే నిలిచిపోయాయి. పెట్టెల్లోనే చాలా సరుకు కుళ్లింది. కుళ్లకుండా మిగిలి దక్షిణాది అంగళ్లకు చేరిన పండు చూడటానికి కొత్త కాపే, కొరికితే మాత్రం ముసలిది. గిడ్డంగి తలుపు తెరిచిన రోజు నుంచి కూడా ఇదే జరుగుతుంది. లోపల ఆగిన గడియారం బయటికి రాగానే మళ్లీ నడుస్తుంది, మే నెల హైదరాబాద్‌లో అయితే పరుగెత్తుతుంది. నగర శివార్లలోని బాటసింగారం పండ్ల మార్కెట్లో దిగిన పెట్టె ఏ నీడన ఎన్నాళ్లుంది, అక్కడి నుంచి యాప్‌వాళ్ల చిన్న గోదాములో ఏ అరలో ఎన్ని రోజులుంది అన్నవాటి మీద కరకర ఆధారపడి ఉంటుంది. డెలివరీ కుర్రాడు బైకు మీద వచ్చే చివరి పది నిమిషాలు ఈ లెక్కలో పూచికపుల్ల. విచిత్రంగా తెర గొప్పగా చెప్పుకునేది ఆ పూచికపుల్ల గురించే.

మరి రకం పేరుకు విలువే లేదా? ఉంది. అయితే పేరు చెప్పేది పండుకున్న సత్తా ఎంతో, ఈ పండులో ఆ సత్తా ఎంత మిగిలిందో కాదు. పేరును, రంగును నమ్ముకుని పండ్లు అమ్మితే ఏమవుతుందో తెలియాలంటే రెడ్ డెలీషియస్ చరిత్ర చూడాలి. 1870లలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, పెరూ అనే ఊళ్లో జెస్సీ హయాట్ అనే రైతు తోటలో తనంత తానుగా మొలిచిన చెట్టు అది. ఆ తొలి పండు చారలు చారలుగా ఉండేది, నిండు ఎరుపు కాదు. మిస్సోరీలోని స్టార్క్ నర్సరీ దాని హక్కులు కొని ‘డెలీషియస్’ అని పేరు పెట్టింది. తర్వాత ఎక్కడో ఒక తోటలో ఒక కొమ్మ మిగతా చెట్టుకంటే ముందుగా, మరింత ఎర్రగా కాయలు కాసింది. ఆ కొమ్మను అంటుకట్టి అమ్మారు. దానికంటే ఎర్రటి కొమ్మ దొరికితే దాన్ని. అలా దశాబ్దాల పాటు ఎరుపును వెతుక్కుంటూ పోయారు. అంగట్లో అరల మీద పేర్చిన పండును జనం కళ్లతో ఎంచుకుంటారు కాబట్టి ఎరుపుకే గిరాకీ. కాయ లోపల పక్వానికి రాకముందే పైన ఎరుపెక్కే చెట్లు తయారయ్యాయి, రంగు చూసి కోసేశారు, తొక్క మందమైంది, కండ చప్పబడింది. పైన పటారం, లోన లొటారం. జనం ఒక్కసారిగా తిరగబడలేదు, నెమ్మదిగా కొనడం మానేశారు. దశాబ్దాల పాటు అమెరికాలో మొదటి స్థానంలో ఉన్న ఈ రకాన్ని 2018లో ఉత్పత్తిలో గాలా దాటిపోయింది. ఆ గాలాకు కూడా ‘రాయల్’ అనే బిరుదు వచ్చింది న్యూజిలాండ్‌లో దొరికిన మరింత ఎర్రటి కొమ్మకే అన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన ముచ్చట.

ఈ కథ మనకు దూరపుదేమీ కాదు. 1916 ప్రాంతంలో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్, తర్వాతి కాలంలో సత్యానంద స్టోక్స్, సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో నాటింది ఆ డెలీషియస్ మొక్కలనే. తెలుగువాళ్లు రెండు మూడు తరాలుగా ‘సిమ్లా యాపిల్’ అని కొన్నది చాలావరకు ఆ వంశమే. గమనిస్తే మన అంగట్లో యాపిల్‌కు పెట్టుకున్న పేర్లలో ఎక్కువ ఊళ్ల పేర్లే: సిమ్లా, కశ్మీర్, వాషింగ్టన్, కిన్నౌర్. ఇందులో ఒక్క కిన్నౌర్‌కే ఊరు చెబితే గుణం చెప్పినట్టు అవుతుంది. అక్కడి తోటలు బాగా ఎత్తున ఉంటాయి, రాత్రుళ్లు చలి ఎక్కువ, కాయ ఆలస్యంగా, నిదానంగా పక్వానికొచ్చి గట్టిగా ఉంటుంది. ‘వాషింగ్టన్’ అంటే మన బండి మీద అర్థం ముదురెరుపు, పొడుగుపాటి ఆకారం, అడుగున అయిదు గుబ్బలు, అంతే. కశ్మీర్‌కు సొంత రకం అంబ్రీ ఉంది. మంచి వాసన, నిలవ ఉండే గుణం రెండూ ఉన్న పండు. డెలీషియస్ వచ్చి పడ్డాక అది మూలకు పోయింది. ఎరుపు ఎక్కడికి పోయినా చేసే పని అదే.

కరకరకే పేరుపడిన రకం ఒకటుంది. హనీక్రిస్ప్. మినసోటా యూనివర్సిటీ 1960లో చేసిన సంకరం నుంచి పుట్టింది. ఒక దశలో పీకేయాల్సిన మొక్కల జాబితాలో చేరి, బయటపడి, 1991లో రైతులకు చేరింది. దాని కణాలు మామూలు యాపిల్ కణాలకంటే పెద్దవి. కొరికితే పెద్ద బుడగలు పగిలినట్టు రసం చిమ్ముతుంది. అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలు ఇంటికి తెప్పించుకునే సరుకుల జాబితాలో కూడా ఇది బాగా తెలిసిన పేరే. ధర ఎక్కువ పలకడంతో అందరూ నాటారు. చల్లటి ప్రాంతం కోసం తయారు చేసిన చెట్టును వేడి ప్రాంతాల్లోనూ నాటారు. నిలవలో కాయ మీద మచ్చలు పడే బెడదలు దీనికి ఎక్కువే. ఫలితం, అన్నింటికంటే కరకరలాడే రకం పేరుతో కూడా పేలవమైన పండు దొరకడం మొదలైంది. దీనికి పూర్తిగా వేరే దారి పట్టింది పింక్ లేడీ. పశ్చిమ ఆస్ట్రేలియాలో జాన్ క్రిప్స్ 1973లో చేసిన సంకరం నుంచి వచ్చిన ఆ చెట్టు అసలు పేరు క్రిప్స్ పింక్. ‘పింక్ లేడీ’ అన్నది రకం పేరు కాదు, ట్రేడ్‌మార్కు. కాయ రంగు, గట్టిదనం, తీపి నిర్ణయించిన కొలతలకు తూగితేనే ఆ పేరు పెట్టుకోనిస్తారు. తూగని కాయ అదే చెట్టుదైనా మామూలు క్రిప్స్ పింక్‌గా అమ్ముకోవాలి. అంటే పేరుకు అర్థం ఉండేలా చేయడం సాధ్యమే, కానీ ఆ పేరు వెనక ఎవరో కొలిచి ఉండాలి. కొలవడం కూడా బ్రహ్మవిద్య కాదు. చెంచామొనలాంటి పుల్లను కాయలోకి గుచ్చి ఎంత బలం పట్టిందో చూసే పెనిట్రోమీటర్ ఉంది, రసం చుక్క వేసి తీపి చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంది. పెద్ద తోటల్లో, సీఏ గిడ్డంగుల్లో ఇవి రోజూ వాడే పనిముట్లు.

బండి మీద అమ్మేవాడు మాత్రం తేదీ చెబుతాడా అని అడగొచ్చు. చెప్పడు. అయితే పండును చేతికిస్తాడు. మన జనం బేరమాడేది నోటితోనే కాదు, బొటనవేలితో కూడా. ముచ్చిక దగ్గర నొక్కి చూస్తారు, చేతిలో ఎగరేసి బరువు చూస్తారు, వేలి కణుపుతో తట్టి చప్పుడు వింటారు. పుచ్చకాయకు ఒక చప్పుడు, బంగినపల్లికి ఒక వాసన, యాపిల్‌కు ఒక బిగువు ఉంటుందని తెలిసిన చేతులవి. పట్టుబడితే బండివాడు ఒక ముక్క కోసి ఇస్తాడు. రేపు కూడా అదే మూల మీద నిలబడాలన్న భయం అతనికి ఉంటుంది. యాప్ ఈ చేతిని తీసేసింది. తీసేయడం నేరం కాదు. ముసలివాళ్లకు, పసిపిల్లల తల్లులకు, ఎండలో అంగడికి వెళ్లలేనివాళ్లకు ఇంటికి వచ్చే పండు వరమే. కానీ చేతికి తెలిసే సమాచారాన్ని తీసేసినప్పుడు దాని బదులు ఇంకేదైనా ఇవ్వాలి. ఇచ్చింది ఫొటో. అది కూడా వచ్చే పండుది కాదు, ఏనాడో స్టూడియోలో వెలుతురు పెట్టి తీసిన ఆదర్శ యాపిల్‌ది. రెడ్ డెలీషియస్‌ను చెడగొట్టిన కంటి బేరం ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కింది. ఆ రోజుల్లో జనం కనీసం తమ పండునే చూసి మోసపోయారు.

1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త రాసిన ఒక వ్యాసం పేరులో నిమ్మకాయలున్నాయి. విషయం మాత్రం పాత కార్ల అంగడి, పనికిరాని కారును అమెరికన్లు నిమ్మకాయ అంటారు మరి. ఆ పరంపరలోని పనికే ఆయనకు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చెప్పింది ఇదీ: సరుకు మంచిదో చెడ్డదో అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాడు రెంటికీ మధ్యరకం ధరే ఇస్తాడు. ఆ ధర మంచి సరుకువాడికి గిట్టదు, అతను తప్పుకుంటాడు. మిగిలేది చెత్త. ఈ సిద్ధాంతానికి అసలైన పండ్లతో రుజువు కావాలంటే మన తెర మీద ఉంది. కశ్మీర్‌లో సోపోర్ వైపు ఒక రైతు కాయను సరైన రోజున కోసి, లస్సిపొరాలోని సీఏ గిడ్డంగికి అద్దె కట్టి, మార్చిలో బిగువైన పండు బయటికి తీశాడనుకోండి. ఇంకొకడు అక్టోబర్‌లో కోసి మామూలు కొట్లో పడేసి అదే మార్చిలో తీశాడు. తెర మీద రెండూ ‘కశ్మీర్ యాపిల్, నాలుగు కాయలు’. ధరలో తేడా కనిపించకపోతే మొదటి రైతు గిడ్డంగి అద్దె ఎందుకు కట్టాలి? కొనేవాళ్ల పంటికింద పిండి పడటం ఈ కథలో చిన్న నష్టం. శ్రద్ధ పెట్టిన చేతికి కూలి దక్కకపోవడం పెద్దది.

బాగాలేకపోతే డబ్బు వెనక్కి ఇచ్చేస్తున్నారు కదా, ఇంకేం కావాలి అంటారు కొందరు. డబ్బు వాపసు మంచి ఏర్పాటే, కుళ్లిన పండుకు, నలిగిన పండుకు అది సరిపోతుంది. ఫొటో తీసి పంపితే మచ్చ కనబడుతుంది. పిండిదనం ఫొటోకు అందదు. కొరికితేనే తెలుస్తుంది, కొరికిన పండును ఎవరు వెనక్కి తీసుకుంటారు? పైగా వాపసు కోరేవాళ్లు కొందరే. మిగతావాళ్లు మెత్తటి ముక్కల్ని మిల్క్‌షేక్‌లో వేసేసి ఊరుకుంటారు. ఆ ఊరుకోవడాన్ని యాప్ లెక్క సంతృప్తి కిందే రాసుకుంటుంది. మరికొందరు ధరను నమ్ముతారు: ఖరీదైన విదేశీ పండు కొంటే గొడవ ఉండదని. విదేశీ యాపిల్ ధరలో రుచి ఎంతో, సుంకం ఎంతో విడదీయడం కష్టం. 2019 జూన్‌లో అమెరికా యాపిళ్ల మీద అప్పటికే ఉన్న 50 శాతానికి మరో 20 శాతం సుంకం చేర్చారు, 2023 సెప్టెంబర్‌లో ఆ 20 తీసేశారు. 2023 మేలో కిలో 50 రూపాయలు, అంతకంటే తక్కువ విలువ చూపిన యాపిళ్ల దిగుమతిని నిషేధించారు, భూటాన్‌కు మాత్రం మినహాయింపు. ఈ నిర్ణయాల ప్రతిసారీ ధర కదిలి ఉంటుంది, పండు బిగువు వెంట్రుకవాసి కూడా మారి ఉండదు. ఓడలో వారాల తరబడి ప్రయాణించి వచ్చిన పండు ధరలో ప్రయాణం ఖర్చు కూడా ఉంటుంది. ప్రయాణం ఏ పండునూ పడుచుగా చేయదు.

చట్టం ఏమంటోంది? ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. ప్యాక్ చేసిన సరుకు మీద ఏమేం రాయాలో చెప్పే తూనికలు, కొలతల నిబంధనలను 2017లో సవరించి, 2018 జనవరి 1 నుంచి ఆన్‌లైన్ అంగళ్లకూ వర్తింపజేశారు. అమ్మేవాళ్ల చిరునామా, నికర బరువు, గరిష్ఠ ధర, విదేశీ సరుకైతే ఏ దేశానిదో, ఇవన్నీ తెర మీద చూపాలి. ఒక్కదానికి మినహాయింపు ఇచ్చారు: తయారైన లేదా ప్యాక్ చేసిన నెల, సంవత్సరం. కారణం ఊహించవచ్చు. దేశమంతటికీ ఒకే పేజీ పెట్టి వందల గోదాముల నుంచి సబ్బులు, షాంపూలు పంపే అంగడికి ఏ సీసా ఏ నెలదో పేజీ మీద చెప్పడం కష్టం. సబ్బుకు ఆ మినహాయింపు సమంజసమే. కానీ నేటి పది నిమిషాల అంగడి అలాంటిది కాదు. మీ పేటకు ఒక చిన్న గోదాము, అందులో ఈ పూటకు ఉన్న యాపిల్ పెట్టెలు కొన్నే. ఏ పెట్టె ఎప్పుడొచ్చిందో వాళ్ల కంప్యూటర్‌కు తెలుసు, లేకపోతే మీ వీధిలో సరుకు అయిపోయిందని క్షణంలో చెప్పగలిగేది కాదు. పండ్ల విషయంలో ఈ మినహాయింపు కాలం చెల్లినది. ఇంకో మెలిక కూడా ఉంది. వలసంచి మీద అంటించిన కాగితంలో ప్యాక్ చేసిన తేదీ ఉన్నా, అది కాయను సంచిలో వేసిన రోజు, చెట్టు నుంచి దించిన రోజు కాదు. నిన్నటి తేదీ చూసి తాజా అనుకోవడం, నిన్న కొత్త చీర కట్టిన అవ్వను పెళ్లికూతురు అనుకోవడం లాంటిది.

కోత తేదీ రాయమని ఏ దేశం అడుగుతోంది, మనమెందుకు అడగాలి అన్నది మరో అభ్యంతరం. నిజమే, ఐరోపా ప్రమాణాలు కూడా యాపిల్‌కు రకం పేరు, దేశం పేరు లాంటివి చాలంటాయి. కానీ తిండిగింజ వయసు అడిగి కొనడం మనకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. తెలుగునాట బియ్యం కొట్లో మొదటి ప్రశ్న ‘పాతవా, కొత్తవా’ అన్నదే. సోనామసూరి కొత్త బియ్యానికి ఒక ధర, ఏడాది పాతవాటికి ఒక ధర. కొత్తవి ముద్దవుతాయి, పాతవి పొడిపొడిగా వస్తాయి అన్నది ప్రతి ఇంటికీ తెలుసు. బియ్యం వయసును సంచి మీద గొప్పగా అచ్చువేసుకుంటారు, యాప్‌లలో కూడా ఎన్ని నెలల పాతవో రాసి అమ్ముతారు. పాతబడితే ధర పెరిగే గింజకు వయసు చెప్పడంలో లేని ఇబ్బంది, పాతబడితే ధర తగ్గాల్సిన పండు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు పుట్టుకొస్తోందో వేరే చెప్పనక్కర్లేదు. జనానికి అర్థం కాదు, పాత తేదీ చూసి మంచి పండును కూడా వద్దంటారు అనే భయం మాత్రం నిరాధారం కాదు. నెల ఒక్కటే రాస్తే అదే జరుగుతుంది. అందుకే నెలతో పాటు ఎక్కడ నిలవ ఉందో కూడా రాయాలి: గాలి మార్చిన గిడ్డంగా, మామూలు శీతల గిడ్డంగా, అసలు గిడ్డంగే లేదా అన్నది. పాత బియ్యం మంచిదని తెలుసుకున్న జనం, సీఏ గిడ్డంగిలోని అయిదు నెలల యాపిల్ బయట ఉన్న అయిదు వారాల యాపిల్ కంటే నయమని తెలుసుకోలేరా?

అన్నింటికంటే బరువైన అభ్యంతరం రైతు వైపు నుంచి వస్తుంది. కశ్మీర్‌లో, హిమాచల్‌లో తోటలు చాలావరకు చిన్నవి. ఒకే పెట్టెలో రెండు కోతల కాయలు కలవడం మామూలే. చిన్న రైతు నెత్తిన ఇంకో కాగితం పెడితే దళారీ చేతికి ఇంకో సాకు దొరుకుతుందన్న అనుమానం న్యాయమైనది. కాబట్టి కోత తేదీ రుజువు చేయమని రైతును అడగకూడదు. గిడ్డంగి గేటు దగ్గర పెట్టె లోపలికి వెళ్లిన రోజు, బయటికి వచ్చిన రోజు ఎలాగూ రాసుకుంటారు, అద్దె కట్టించుకునేది ఆ లెక్క మీదే. గిడ్డంగికి వెళ్లని సరుకుకు మార్కెట్ యార్డు చీటీ ఉంటుంది. ఆ రెండు తేదీలు తెర దాకా తేవడం యాప్‌వాళ్ల పని. పెట్టెకొక కాయను గుచ్చి చూసి గట్టిదనం అంకె రాయడం కూడా వాళ్ల గోదాములో ఒక మనిషి చేయగల పనే. పెట్టె కొలతల విషయంలో ఈపాటి క్రమశిక్షణ ఇప్పటికే మొదలైంది. ఇష్టమొచ్చినంత నింపే పాత అట్టపెట్టెల స్థానంలో హిమాచల్ 2024 సీజన్ నుంచి అందరికీ ఒకే కొలత పెట్టెను తప్పనిసరి చేసింది. ఏళ్లుగా కుదరదన్నది అమల్లోకి వచ్చింది.

అంతదాకా కొనేవాళ్ల చేతిలో ఉన్న ఆయుధం పంచాంగం. హిమాచల్ దిగువ కొండల కాయ జూలైలో మొదలై ఆగస్టుకు ఊపందుకుంటుంది. శ్రావణ మాసం తాంబూలాల్లో కనిపించే కొత్త యాపిల్ అది. కశ్మీర్ డెలీషియస్ దసరా, దీపావళి రోజులది. కిన్నౌర్ ఆ తర్వాత, చలి ముదిరే వేళకు. ఈ నెలల్లో దేశవాళీ పండు ముందు విదేశీ పేర్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. సంక్రాంతి దాటాక దేశవాళీ పండు మంచిదో కాదో గిడ్డంగి మీద ఆధారపడుతుంది. ఉగాది నుంచి ఆషాఢం దాకా లెక్క తలకిందులు. న్యూజిలాండ్, చిలీ, దక్షిణాఫ్రికాలలో కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సాగుతాయి కాబట్టి అప్పుడు కొత్త కాపు వాళ్లది. మే నెలలో రాయల్ గాలా కొంటున్నప్పుడు దేశం పేరు న్యూజిలాండ్ అయితే అది కొన్ని వారాల పండు, ఉత్తరార్ధగోళపు దేశమైతే పోయిన ఆగస్టు, సెప్టెంబర్‌లది. దేశం పేరు చట్టం ప్రకారం తెర మీద ఉండాలి, కాస్త కిందికి జరిపితే కనబడుతుంది. కాయ మీది చిన్న స్టిక్కర్ అంకె రకాన్ని, పరిమాణాన్ని చెబుతుంది (4131 అంటే పెద్ద ఫ్యూజీ, ముందు 9 చేరితే సేంద్రియం), వయసు గురించి కిక్కురుమనదు. గోటితో గీరితే వచ్చే మైనం గురించి వాట్సాప్‌లో తిరిగే గగ్గోలు ఇక్కడ అనవసరం. తేనెమైనం, కార్నౌబా, లక్కమైనం పూయడానికి మన ఆహార నిబంధనలు అనుమతిస్తాయి. అది నీరు ఆవిరవకుండా కొంత కాపాడుతుంది, పోయిన కరకరను తిరిగి తేదు. ఇంటికి వచ్చాక పళ్లెంలో అలంకారంగా పెట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టడం ఒక్కటే కొనేవాళ్ల వంతు.

యాపిల్ ఇప్పుడు మన దగ్గర కూడా కాసింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడ్పాటుతో ఒక రైతు యాపిల్ పండించాడు, 2020 జూన్‌లో తొలి కాపు చేతికొచ్చింది. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ ప్రాంతంలో హరిమన్ శర్మ తయారుచేసిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 లాంటి రకాలు చలి తక్కువున్న చోట కూడా కాస్తాయి. కరకరలో అవి కిన్నౌర్‌కు సాటి రావు, వస్తాయని ఆశపడటం కూడా అన్యాయం. కానీ కొండల్లో ఇంకా కోతలు మొదలుకాని వేసవిలో, నిన్న కోసిన కాయ ఇవాళ హైదరాబాద్‌లో దిగగలదు. దిగితే, తెర మీద దానికి దక్కేది అదే స్టూడియో ఫొటో, అదే వరస: యాపిల్, నాలుగు కాయలు, తియ్యగా, కరకరలాడుతూ ఉంటుంది.